మగ్గము లెక్క, బడి లెక్క

జూన్ నెలలో బడులు తెరచు దినములలో మా సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు నూలు మాట కంటె పిల్లల చదువు మాటయే ఎక్కువగా మాటాడుదురు. ఏ బడిలో చేర్చవలెను, ఏ భాషలో చదివించవలెను, ఫీజు ఎంత అని ఒకరి నొకరు అడుగుకొందురు. ఆ మాటల మధ్య “మావాడికి లెక్కలు రావండీ” అను మాట తప్పక వినబడును. ఈ ఒక్క మాటను గురించి సోదర సభ్యులతో కొంత విచారింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము. లెక్కలు రావుట యనగా ఏమి? బడిలో పది సంవత్సరములు గణితము చదివిన బిడ్డ చేతికి ఏమేమి నేర్పులు రావలెను? ఇది ఉపాధ్యాయుల పని, మనకేల అని కొందరు అనవచ్చును. మన పని కూడ ఇందులో సగము కలదని మా అభిప్రాయము.

క్రిందటి సంవత్సరము నూలు పంపిణీ దినమున జరిగిన చిన్న సంగతి చెప్పెదము. మా సభ్యులలో పెద్దవారొకరు కుమారుని వెంటబెట్టుకొని వచ్చిరి. అబ్బాయి పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయ్యెను; లెక్కలలో ఎనుబదికి పైగా వచ్చినవి. మేము సరదాకు అడిగితిమి: “అబ్బాయీ, 72 రీడు, 48 అంగుళముల వెడల్పు, 36 మీటర్ల పడుగు. 80 నంబరు నూలు ఎంత కావలె?”

అబ్బాయి కొంతసేపు ఆలోచించి, “ఇది ఏ పాఠంలో లెక్కండీ?” అనెను.

తండ్రి నవ్వి, “కిలోకు కొంచెం తక్కువ” అనెను. అది సరియైన జవాబే. ఎట్లు తెలిసినదని అడుగగా, “ఎట్లా ఏముంది బాబూ, ఎప్పుడూ అంతే పడుతుంది” అనెను.

మేము అంతటితో విడువలేదు. “సరే, పెద్దాయనా! రీడు 84 చేసి, 60 నంబరు నూలు వేస్తే?” అని అడిగితిమి. ఆయన మాటాడలేదు. అట్టి గుడ్డ ఆయన ఎన్నడును నేయలేదు.

ఆనాటి నుండి ఈ సంగతి మా మనస్సున మెదలుచునే యున్నది. కొడుకునకు పద్ధతి తెలియును గాని, దానిని ఎక్కడ ఉపయోగింపవలెనో తెలియదు. తండ్రికి జవాబు తెలియును గాని, గుడ్డ మారినచో ఆ జవాబు పనికిరాదు. ఇద్దరి దగ్గరను సగము సగమే యున్నది. ఒకే ఇంటిలో, ఒకే కంచము చుట్టు కూర్చుండు ఈ ఇద్దరును తమ సగములను కలుపుకొనుట లేదు.

ఇది మన ఇండ్ల సంగతి మాత్రమే కాదు

1980ల తొలి సంవత్సరములలో బ్రెజిల్ దేశపు రెసీఫే నగరమున వీధులలో సరకులు అమ్ము ఐదుగురు పిల్లలను కొందరు పరిశోధకులు పరీక్షించిరి. అమ్మకము చేయుచుండగా అడిగిన లెక్కలలో నూటికి 98 సరిగా చెప్పిరి. అవే లెక్కలను కాగితముపై వట్టి అంకెలుగా వేసి యిచ్చినపుడు నూటికి 37 మాత్రమే సరియైనవి. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగు పండితులు మన కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు 1,400 మందికి పైగా పిల్లలను పరీక్షించి, ఫలితములను ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. బజారు పిల్లలు తమ బేరపు లెక్కలను నోటితోనే చేయగలిగిరి. బడి పుస్తకపు రూపమున నున్న భాగహారమునకు తడబడిరి. బడికే పోవు పిల్లలు పుస్తకపు లెక్కలు వారికంటె బాగుగా చేసిరి గాని, బజారు లెక్క దగ్గర వెనుకబడిరి.

దీనివలన మనకు తెలియున దేమన, ఒకచోట నేర్చిన లెక్క మరియొకచోటికి దానంతట అది నడచిపోదు. మధ్య వంతెన కట్టవలెను. మన పిల్లలకు ఆ వంతెన కట్టదగిన స్థలము మన మగ్గపు గుంట పక్కనే కలదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము కూడ, కూడికలు తీసివేతలు వచ్చుటతో గణిత విద్య పూర్తికాదనియు, బిడ్డ ఆలోచనయే గణిత మార్గమున సాగుట ముఖ్యోద్దేశమనియు చెప్పినది. ఆ ఆలోచనకు కావలసిన నేర్పులను మన వృత్తి నుండి ఉదాహరణలతో ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది: కొలమానము నెరుగుట

అంకె పక్కన ఏ కొలమానము కలదో చూచుకొనని లెక్క ఎంత శుద్ధముగా చేసినను తప్పే. ఈ మాట మేము ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పు ఒప్పుకొనవలెను. ఆరేడేండ్ల క్రిందట మా సంఘమునకు 100 పంచెలకు ఆర్డరు వచ్చెను. ఒక్కొక్కటి 4 మీటర్లు. 400 అని వ్రాసికొని, ఆసు మీద అలవాటు చొప్పున 400 గజములు పోయించితిమి. గజము 0.9144 మీటరు. కావున మాకు దక్కిన పడుగు 366 మీటర్లకు కొంచెము తక్కువ. వృథా సంగతి అటుంచినను 91 పంచెలకే సరిపోయెను. మిగిలిన 9 పంచెల కొరకు మరల పడుగు పోసి, అచ్చు అతికించి, గడువు దాటి పంపితిమి. హెచ్చవేత తప్పలేదు, కూడిక తప్పలేదు. 400 పక్కన ఒక్క మాట వ్రాసికొనలేదు. అంతే.

మన దేశమున 1957 ఏప్రిల్ 1 నుండి దశాంశ నాణెములును, 1958 నుండి క్రమముగా మెట్రిక్ తూనికలును కొలతలును అమలులోనికి వచ్చినవి. అంతకు ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆ భారము నేటి పిల్లలకు తప్పినది. అయినను మన నూలు కౌంటు మాత్రము నేటికిని గజముల మీదను పౌను మీదను నడచుచున్నది. రీడు అంగుళములలో, గుడ్డ మీటర్లలో, నూలు తూకము కిలోలలో ఉండును. కావున మన పిల్లవాడు రెండు కొలమానముల మధ్య రాకపోకలు చేయ నేర్వవలసినదే. ప్రతి అంకె పక్కన దాని కొలమానము వ్రాయు అలవాటు ఐదవ తరగతిలోనే పడవలెను.

రెండవది: అనుపాతము

మన వృత్తికి ప్రాణమువంటి లెక్క త్రైరాశికము. తెలిసిన మూడింటి నుండి తెలియని నాలుగవదానిని రాబట్టుట. ఇది క్రొత్తది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున ఇది కలదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున, కన్నడ దేశమున, మహావీరాచార్యులు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించిరి. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కావున గణితము మన భాషకు పరాయిది కాదు. మనవారు పద్యములుగ పాడుకొనిన విద్యయే.

అనుపాతము రెండు విధములు. ఒకటి పెరిగినచో రెండవదియు పెరుగుట ఒకటి. ఒకటి పెరిగినచో రెండవది తరుగుట మరియొకటి. బడిలో పిల్లలు తరచుగా తడబడు చోటు ఇదే. మన ఇంటిలో ఈ రెండింటికిని కంటికి కనబడు ఉదాహరణలు కలవు. ప్రత్తి నూలుకు కౌంటు అనగా, ఒక పౌను తూకములో 840 గజముల చిలపలు ఎన్ని వచ్చునో ఆ సంఖ్య. పౌనుకు 40 చిలపలు వచ్చినచో 40 నంబరు, 80 వచ్చినచో 80 నంబరు. సంఖ్య పెరిగిన కొలది నూలు సన్నమగును, తూకము తగ్గును. పట్టునకు డెనియరు లెక్క. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో ఆ సంఖ్య. ఇందు సంఖ్య పెరిగిన కొలది పోగు లావగును. రెండు పోగులను బిడ్డ వేళ్ళ మధ్య నుంచి, “ఇది పెరిగితే అది ఏమవుతుందిరా?” అని అడిగినచో, పుస్తకములోని నాలుగు పుటలకంటె ఆ స్పర్శ బాగుగా బోధించును.

ఇప్పుడు ముందు అడిగిన లెక్కను చూతము. 72 రీడు అనగా 2 అంగుళములలో 72 సందులు. సందుకు 2 పోగులు చొప్పున అంగుళమునకు 72 పోగులు. వెడల్పు 48 అంగుళములు గనుక అంచుల అదనపు పోగులు విడిచి 3,456 పోగులు. ఒక్కొక్క పోగు 36 మీటర్లు గనుక మొత్తము 1,24,416 మీటర్లు. చిలప 840 గజములు, అనగా 768 మీటర్లు. భాగింపగా 162 చిలపలు. 80 నంబరులో పౌనుకు 80 చిలపలు గనుక 2.025 పౌన్లు. పౌను 454 గ్రాములు గనుక సుమారు 920 గ్రాములు. పెద్దాయన చెప్పిన “కిలోకు కొంచెం తక్కువ” ఇదే.

ఇందులో ఉన్నవి హెచ్చవేత, భాగహారము మాత్రమే. ఏడవ తరగతి బిడ్డకు తెలియని దొక్కటియు లేదు. తెలియనిది ఈ మెట్లను వరుసగా పేర్చుకొనుట.

మూడవది: అంచనా

లెక్క వేయుటకు ముందే జవాబు ఏ ప్రాంతమున ఉండవలెనో ఊహించుట గొప్ప నేర్పు. 3,456ను 3,500 అనుకొని 36తో హెచ్చింపగా 1,26,000. చిలపను 750 మీటర్లనుకొనగా 168 చిలపలు. అనగా రెండు పౌన్లకు కొంచెము ఎక్కువ, కిలోకు లోపల. ఇంతవరకు నోటితోనే చేయవచ్చును. తరువాత కాగితముపై 9.2 కిలోలని గాని 92 గ్రాములని గాని వచ్చినచో, దశాంశ బిందువు ఎక్కడనో జారినదని బిడ్డకు వెంటనే తోచును.

ఇప్పుడు ప్రతి చేతిలోను ఫోను కలదు. దానిలో లెక్కల యంత్రము కలదు. ఇక నోటిలెక్క ఎందుకని పిల్లలు అడుగుదురు. యంత్రము మనము కొట్టిన అంకెకే జవాబు చెప్పును. తప్పు అంకె కొట్టినచో తప్పు జవాబును అంతే ధీమాగా చెప్పును. అది చెప్పినది నమ్మదగినదా కాదా అని తీర్పు చెప్పవలసినది మనిషి. ఆ తీర్పునకు అంచనాయే ఆధారము. ఇరవై వరకు ఎక్కములు నోటికి వచ్చుట ఇందుకే నేటికిని అవసరము.

నాలుగవది: వెనుకకు తిరిగి సరిచూచుట

హంగరీ దేశమున పుట్టిన జార్జి పోల్యా అను గణిత పండితుడు 1945లో ప్రకటించిన గ్రంథమున లెక్క చేయుటకు నాలుగు మెట్లు చెప్పెను. సమస్యను గ్రహించుట, ఉపాయము ఆలోచించుట, దానిని నడపుట, తుదకు వెనుకకు తిరిగి చూచుట. మన పిల్లలు మూడవ మెట్టుతో పలక క్రింద పెట్టెదరు. జవాబు క్రింద రెండు గీతలు గీచినంతనే పని ముగిసినదనుకొందురు.

మన వృత్తిలో ఇట్లు జరుగదు. ఇల్కల్ చీరలో కొంగు పడుగును ఒంటి పడుగును పోగు పోగుగా కొక్కెములవలె కూర్తురు. ఒక వైపు పోగులు రెండవ వైపు పోగులకు సరిపోవలెను; ఒక్కటి తక్కువైనను అక్కడనే బయటపడును. మగ్గము అబద్ధమును దాచదు. బడి లెక్కకు కూడ ఇట్టి పరీక్ష నేర్పవలెను. భాగహారము చేసినచో మరల హెచ్చించి చూడుము. 768ని 162తో హెచ్చింపగా 1,24,416 వచ్చినదా? వచ్చినచో సరి. ఈ అలవాటు కల బిడ్డను తూకములో గాని, పాసుపుస్తకములో గాని, చీటీపాటలో గాని ఎవరును సులభముగా మోసగింపలేరు.

ఐదవది: “దేనిలో శాతము?” అని అడుగుట

శాతముల దగ్గర మనవారు మోసపోయినంతగా మరెచ్చటను మోసపోలేదు. 2,000 రూపాయల చీరకు ముందు 20 శాతము రిబేటు, పిదప 10 శాతము తగ్గింపు అన్నచో చాలమంది 30 శాతమనుకొందురు. మొదట 1,600 అగును, అందులో 10 శాతము 160, తుదకు 1,440. మొత్తము తగ్గినది 560, అనగా 28 శాతమే. రెండవ శాతము 2,000 మీద కాదు, 1,600 మీద.

5 శాతము పన్ను కలిపి చీర 1,050 రూపాయలకు అమ్మితిమనుకొనుడు. ఇందు పన్ను ఎంత? 1,050లో 5 శాతమని 52 రూపాయల 50 పైసలు వ్రాసినచో తప్పు. అసలు వెల 1,000, పన్ను 50. ఇట్లే 800 రూపాయలు పడిన చీరను 1,000కి అమ్మిన వ్యాపారి “నాకు మిగిలేది 20 శాతమే” అనవచ్చును. అమ్మకపు వెల మీద అది నిజమే. పడిన ఖర్చు మీద చూచినచో 25 శాతము. ఆయన అబద్ధమాడలేదు, మనము ప్రశ్న అడుగలేదు.

ఇంతకంటె ముఖ్యమైన ఉదాహరణ మన ఇంటిలోనే కలదు. చీరకు మజూరి 2,400 రూపాయలు, 4 దినములలో నేసితిని, దినమునకు 600 గిట్టినదని యజమాని అనుకొనును. ఆ 4 దినములును ఇల్లాలు పూటపూట కండెలు చుట్టి, పోగులు అతికి, సగము దినము చొప్పున పనిచేసెను. అది 2 దినముల పని. మొత్తము 6 దినములకు 2,400 అనగా దినమునకు 400 మాత్రమే. 2019-20 నాటి నాలుగవ చేనేత జనాభా లెక్కలలో దేశమున 35.22 లక్షల చేనేత పనివారు తేలిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. వారి పనిని లెక్కలోనికి తీసికొనక మజూరి అడిగినచో మనము మొదటనే ఓడిపోయినట్లు. దేనిని దేనితో భాగించుచున్నామని అడుగుట నేర్చిన బిడ్డ, రేపు మజూరి కమిటీలో కూర్చున్నపుడు తల్లి చేతి పనిని కూడ లెక్కలో వేయును.

ఆరవది: వరుసను, అమరికను కనిపెట్టుట

అంచులో పువ్వు 12 పేక పోగులకు ఒకసారి, ఒంటిలో బుటా 18 పోగులకు ఒకసారి వచ్చుచున్నవి. రెండును ఒకే గీతపై మొదలైనచో మరల ఎప్పుడు కలియును? 36వ పోగు దాటిన వెంటనే. బడిలో దీనినే కనిష్ఠ సామాన్య గుణిజమందురు, పిల్లలు క.సా.గు. అని బట్టీ పట్టెదరు. అది ఎందుకో తెలియక మరచిపోదురు. బరంపురపు పట్టు అంచులోని కుంభముల వరుసలో త్రిభుజము ఒక్కొక్క మెట్టుగా ఎదుగుట, షోలాపురపు దుప్పటిలోని బొమ్మ కుడియెడమల సమముగా నుండుట, గళ్ళ కాగితముపై డిజైను గీచుట, ఇవియన్నియు రేఖాగణితమే. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు తయారుచేసిన యంత్రమునకు అట్టలో రంధ్రము ఉన్నదా లేదా అన్న రెండే మాటలు తెలియును. నేటి కంప్యూటరు కూడ ఉన్నది, లేదు అన్న ఆ రెండు మాటలతోనే పని నడుపుకొనును. మన పిల్లవాడు కంప్యూటరు చదువునకు పోయినపుడు తన తాత ఎక్కించిన అట్టలను తలచుకొని గర్వపడవచ్చును.

ఏడవది: మెట్లు వ్రాయుట, కారణము చెప్పుట

మన పెద్దల లెక్క నోటిలోనే ఉండెను. అది వారితోనే పోవుచున్నది. బ్యాంకులో అప్పు అడుగునపుడు గాని, క్రొత్త కొనుగోలుదారునకు వెల చెప్పునపుడు గాని “ఎప్పుడూ అంతే పడుతుంది” అన్నచో చాలదు. నూలు ఇంత, రంగు ఇంత, మజూరి ఇంత, వృథా ఇంత, కావున వెల ఇంత అని మెట్లు మెట్లుగా వ్రాసి చూపవలెను. బడి గణితము నేర్పవలసిన నేర్పులలో ఇది పెద్దది. జవాబు సరియైనను “ఎందుకు?” అని అడిగినపుడు బిడ్డ చెప్పలేనిచో ఆ లెక్క ఇంకను రానట్లే. తప్పు వచ్చినపుడు కొట్టుట, తిట్టుట వలదు. ఏ మెట్టు దగ్గర తప్పినదో బిడ్డయే వెదకి పట్టుకొనునట్లు చేయవలెను. తెగిన పోగును వెదకి పట్టుకొనుట మనకు కోపము తెప్పించునా? అతికి ముందుకు పోవుదుము.

భాషల మధ్య అంకెలు

మన కుటుంబములు తరతరములుగ వేరు వేరు రాష్ట్రములలో స్థిరపడినవి. ఇంట తెలుగు, బడిలో మరియొక భాష. దీనివలన లెక్కలలో వచ్చు చిక్కును పెద్దలు గుర్తింపవలెను. తెలుగున ఇరవై ఒకటి అని పదులు ముందు చెప్పుదుము. మరాఠీలో ఏకవీస్ అని ఒకట్లు ముందు వచ్చును; ఒడియాలోను అంతే. 29ని మరాఠీలో ఏకోణతీస్, అనగా ముప్పదికి ఒకటి తక్కువ అందురు. తమిళమున తొంభైని తొణ్ణూరు అందురు, తొమ్మిది వందలను తొళ్ళాయిరం అందురు. మాటలో నూరు, వెయ్యి వినబడును గాని విలువ అది కాదు. కన్నడమున తొంబత్తు, ఒంబైనూరు మన వరుసకే దగ్గర. చిన్న బిడ్డ 21 అని వినిన చోట 12 వ్రాసినచో మందబుద్ధి యని తొందరపడి అనరాదు. రెండు భాషల వరుసల మధ్య వాడు నలుగుచున్నాడు. ఇంటిలో ఒకే సంఖ్యను రెండు భాషలలోను పలికించి, అంకెలలో వ్రాయించినచో కొలది మాసములలో ఆ చిక్కు తీరును. పైగా రెండు దారులు తెలిసిన చురుకుదనము మిగులును.

మనము చేయదగినది

ఇందుకు ధనము అక్కరలేదు. రాత్రి భోజనమైన పిదప పది నిమిషములు చాలును. సంఘము పాసుపుస్తకము, నూలు చీటీ, మజూరి చీటీ, కరెంటు బిల్లు, ఏదో ఒకటి బిడ్డ ముందు పెట్టి, “ఇది సరిగా ఉందా చూడు” అని అడుగుడు. వాడు చెప్పిన దానిని “ఎట్లా వచ్చింది?” అని మరల అడుగుడు. మీకు తెలియనిచో తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడవలదు. తండ్రికి నేర్పు భాగ్యము కలిగిన బిడ్డ ఆ లెక్కను ఎన్నటికిని మరువడు. ఆడపిల్లను దూరముగ నుంచవలదు. ఇంటి ఖర్చు నడుపబోవునది ఆమెయే. సంఘమును నడుపవలసినదియు ఆమెయే.

బడి వేళలో మాత్రము బిడ్డను కండెల దగ్గర కూర్చుండబెట్టరాదు. ఆరు మొదలు పదునాలుగు ఏండ్ల వరకు చదువు బిడ్డ హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. మగ్గము లెక్క నేర్పుట వేరు, మగ్గమునకు కట్టివేయుట వేరు. సంఘములవారు నూలు గది గోడకు ఒక నల్లబల్ల తగిలించి, పంపిణీ దినమున ఆనాటి లెక్క ఒకటి వ్రాసి యుంచినచో పిల్లలే చుట్టు మూగుదురు. దగ్గరి బడి ఉపాధ్యాయుని ఒకసారి మగ్గము దగ్గరకు పిలిచి చూపుడు. తన పాఠమునకు ఇన్ని ఉదాహరణలు ఇక్కడ కలవని ఆయనయు సంతోషించును.

ఆ తండ్రీకొడుకుల సంగతి ముగించి చెప్పెదము. మేము అడిగిన రెండవ లెక్కను అబ్బాయి ఇంటికి వ్రాసికొని పోయెను. మరుసటి వారము ఒక కాగితము తెచ్చి మా బల్లపై పెట్టెను. మొదటి నుండి హెచ్చవేతలు చేయలేదు. తండ్రి చెప్పిన జవాబు దగ్గర మొదలుపెట్టెను. ముందటి పడుగుకు 920 గ్రాములు. రీడు 72 నుండి 84 అయినందున పోగులు పెరిగినవి; కావున 84ను 72తో భాగించి, దానితో హెచ్చించెను. నూలు 80 నుండి 60 నంబరునకు లావైనందున తూకము పెరిగినది. కావున 80ని 60తో భాగించి, దానితోను హెచ్చించెను. వచ్చినది సుమారు 1,430 గ్రాములు. మేము చిలపల లెక్కన సరిచూచితిమి. 4,032 పోగులు, 189 చిలపలు, 3.15 పౌన్లు, కిలో 430 గ్రాములకు సరిపోయెను.

“నాయన చెప్పింది ఉంది గదండీ, దాని మీదనుంచే కట్టాను” అనెను అబ్బాయి. పెద్దాయన ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను. ఆ మాసమే ఆయన తన మగ్గముపై 84 రీడు ఎక్కించుటకు ఒప్పుకొనెను. ఇరువది ఏండ్లుగా ఒకే రకము నేసిన చేయి అది.

తండ్రి అనుభవమును బిడ్డ పద్ధతియు కలిసినచోట క్రొత్త గుడ్డ పుట్టినది. ప్రతి నేతింట ఇట్టి కాగితము ఒకటి పుట్టవలెనని కోరుచు, సోదర సభ్యులు ఈ విషయమును తమ తమ సంఘములలో ఆలోచింపవలెనని విన్నవించుకొనుచున్నాము.